మిషిగన్ బేరసారాల కోర్సు: ముందస్తు లెక్కలకే మార్కులు

ఆన్‌లైన్ కోర్సుల వేదిక కోర్సెరాలో మిషిగన్ యూనివర్సిటీ తరఫున జార్జ్ సీడెల్ చెప్పే ‘సక్సెస్‌ఫుల్ నెగోషియేషన్’ కోర్సు మాటకారితనం నేర్పుతుందని ఆశపడి చేరితే నిరాశే. సీడెల్ అక్కడ బిజినెస్ లా ఎమెరిటస్ (విశ్రాంత) ప్రొఫెసర్. బేరాన్ని తయారీ, చర్చ, ఒప్పందం, అమలు అని నాలుగు దశలుగా విడదీస్తారు. అసలు సరుకంతా మొదటి దశలోనే ఉంది.

బేరానికి కూర్చునేలోపు మూడు అంకెలు రాసి పెట్టుకోవాలి: ఇంతకన్నా దిగనన్న ధర, కుదిరే అవకాశమున్న ధర, కాస్త ఆశపడి అడిగే ధర. మొదటిది బాట్నా నుంచి పుడుతుంది. అంటే, బేరం కుదరకపోతే మనకు మిగిలే దారుల్లో మెరుగైనది. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ‘ఇంకెవరో ఒకరు ఇస్తారులే’ అనే ధీమాను బాట్నా అనుకుంటారు.

డెసిషన్ ట్రీ, అంటే ఒక్కో దారిలో ఏం మిగులుతుందో అవకాశాల శాతాలతో లెక్కగట్టే పద్ధతి. ఆ పాఠాన్ని మాత్రం రెండుసార్లు చూడాలి. రావాల్సిన బాకీ 100 అనుకుందాం. కోర్టుకెళ్తే గెలిచే అవకాశం 60 శాతం, ఖర్చు 20. 100లో 60 శాతం 60, ఖర్చు పోగా 40. అవతలివారు 30కి రాజీ అంటే వద్దనాలి. అదే గెలుపు అవకాశం నిజానికి 40 శాతమే అయితే? మిగిలేది 20. అప్పుడు కాదన్న ఆ 30 మంచి బేరమే! తమ కేసు గట్టిదని అందరూ అనుకుంటారు కాబట్టి, ఆ శాతాన్ని సంబంధం లేని మనిషితో వేయించుకోవడం మేలు.

ముందు ఎవరు అంకె చెప్పాలన్నది ఎప్పుడూ ఉండే తగువే. అవతలివారి పరిధి తెలిస్తే మనమే చెప్పాలి, చర్చంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది. తెలియకపోతే ప్రశ్నలు అడగాలి. ఇంట్లో బేరాలకూ ప్రశ్నలే దిక్కు. సెలవు రోజు కారు నాకంటే నాకని ఇద్దరు పట్టుబడితే, ఎందుకని అడగండి. ఒకరి పని ఉదయం, మరొకరిది సాయంత్రం కావచ్చు.

ఒప్పందాల చట్టం భాగం అవగాహన వరకే. రాతకోతల వేళ స్థానిక లాయరు తప్పడు.

పెద్ద లోటు సాధనది. ‘హౌస్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్’ అని ఇల్లు అమ్మే, కొనే అభ్యాసం ఉంది. దానికి జోడీ కావాలి. ఒంటరిగా చేసేవాళ్లు అమ్మేవారికి, కొనేవారికి విడివిడిగా ఇచ్చే వివరాల కాగితాలు రెండూ చదివేస్తారు, దాంతో అభ్యాసం చెడుతుంది. పరీక్ష పాసైనంత మాత్రాన బేరం వచ్చినట్టు కాదు, స్నేహితుణ్ణో సహోద్యోగినో కూర్చోబెట్టుకోండి. ముగిశాక ఒకరి కాగితం ఒకరు చూసుకోండి. అవతలి మనిషి ఇంకెంత దిగేవాడో అప్పుడే బయటపడుతుంది.