ఏటిగట్టు కింద ఉండేవాళ్లకు ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ ఎంతవరకు పనికొస్తుంది?

మాది కోనసీమలో గోదావరి వైనతేయ పాయ పక్క ఊరు. ఇల్లూ కొబ్బరి తోటా ఏటిగట్టు కింద ఉన్నాయి. మా బాబాయి పశువులూ అరటి తోటా గట్టు అవతల లంకలో, అంటే ఏటి మధ్య దిబ్బ మీద ఉన్నాయి. జులై వచ్చిందంటే మా ఇంట్లో పొద్దున్నే వినిపించే మొదటి మాట "ధవళేశ్వరం ఎంత ఉందిరా?" అని, అంటే అక్కడి బ్యారేజీ దగ్గర వరద మట్టం ఎంత అని. ఇదివరకు ఆ అంకె కోసం టీవీలో కింద పరిగెత్తే అక్షరాలూ, వాట్సాప్ ఫార్వర్డులే దిక్కు. నిన్నటి అంకె ఇవాళ తిరుగుతుంది. 2022 నాటి ఫొటోని ఈ ఏడాదిదని తిప్పుతారు. అందుకే కేంద్ర జల సంఘం ఇచ్చిన ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్ వేసుకున్నాను. వానాకాలమంతా చూస్తుంటాను కాబట్టి మా వైపు వాళ్లకు పనికొచ్చేలా నాలుగు మాటలు రాస్తున్నాను.

యాప్ 2023 ఆగస్టులో వచ్చింది, ఉచితం. మరుసటి ఏడాది రెండో వెర్షన్‌లో స్టేషన్లను 592కి పెంచారు, 150 పెద్ద జలాశయాల వివరాలు కూడా చేర్చారు. మ్యాప్ మీద ఒక్కో స్టేషన్‌కు ఒక్కో చుక్క ఉంటుంది. ఆకుపచ్చ అంటే మామూలు. హెచ్చరిక మట్టం దాటితే పసుపు, ప్రమాద మట్టం దాటితే నారింజ, ఇప్పటిదాకా నమోదైన అత్యధిక మట్టాన్ని అందుకుంటే ఎరుపు. వచ్చే 24 గంటల అంచనాతో పాటు ఏడు రోజుల ముందస్తు సూచన కూడా ఇస్తారు.

నాకు బాగా నచ్చింది పైనున్న స్టేషన్లను వరసగా చూసుకునే వీలు. కాళేశ్వరం, ఏటూరునాగారం, దుమ్ముగూడెం, భద్రాచలం చూసుకుంటూ వస్తే ఏరు ఎక్కుతోందో, తీస్తోందో మనకే అర్థమైపోతుంది. భద్రాచలంలో కనిపించిన వరద ఉధృతి ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజే లంక రైతుకు ప్రాణం. పశువుల్ని గట్టు ఎక్కించాలన్నా, పక్వానికొచ్చిన గెలలు కోసి పడవకెత్తాలన్నా, మోటార్లు విప్పుకోవాలన్నా ఆ రోజులోనే అయిపోవాలి. కాజ్‌వే మునిగాక పనంతా నాటు పడవ మీద పడుతుంది. ఈ విషయంలో యాప్‌కి మనస్ఫూర్తిగా దండం పెడతాను. మా బాబాయి ఇప్పుడు ధవళేశ్వరం కాదు, భద్రాచలం ఎంత అని అడుగుతున్నాడు.

అయితే మొదటిసారి తెరిచినవాళ్లకు ఒక చిక్కు. యాప్‌లో మట్టం సముద్ర మట్టం నుంచి మీటర్లలో ఉంటుంది. మనకు తెలిసినవి అక్కడి కొలబద్ద మీది అడుగులు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. యాప్‌లో మాత్రం హెచ్చరిక మట్టం 14.25 మీటర్లు, ప్రమాద మట్టం 16.08 మీటర్లు. కువైట్‌లో ఉన్న మా చెల్లెలు ఆ 14 చూసి రెండో హెచ్చరిక దాటేసిందనుకుని టెన్షన్‌తో ఫోన్ చేసింది. "అన్నయ్యా, అమ్మని తీసుకుని అమలాపురం వెళ్లిపోండి" అని ఒకటే గొడవ. అప్పుడు కాగితం మీద లెక్క వేసి పంపాను. మీరూ రాసి పెట్టుకోండి: మీటర్లను 3.28తో గుణించి, ధవళేశ్వరానికైతే 35, భద్రాచలానికైతే 107 తీసేయాలి. 14.25 మీటర్లు అంటే మన 11.75 అడుగులే. భద్రాచలంలో 45.72 మీటర్లు అంటే 43 అడుగుల మొదటి హెచ్చరిక, 48.77 అంటే 53 అడుగుల మూడో హెచ్చరిక.

ఈ లెక్క వేశాకే ఇంకో సంగతి బయటపడింది. రికార్డు మట్టాన్ని పక్కనపెడితే యాప్‌లో ఉన్నవి రెండు గీతలు, మనకున్నవి మూడు హెచ్చరికలు. మధ్యలోని రెండో హెచ్చరికకు యాప్‌లో గుర్తే లేదు. మొదటి హెచ్చరికకు, అంటే పది లక్షల క్యూసెక్కుల దగ్గర పడే పసుపు రంగు మూడోదాకా, అంటే పదిహేడు లక్షల దాకా పసుపుగానే ఉంటుంది. ఢిల్లీలో కూర్చుని చూసేవాళ్లకు అది ఒకే మెట్టు కావచ్చు, లంకలో ఉన్నవాళ్లకు కాదు. మొదటి హెచ్చరికకు దారి మునుగుతుంది, మూడోది వచ్చేలోపు పొయ్యి, మంచం, గాబు అన్నీ మునుగుతాయి. కాబట్టి రంగు చూసి నిశ్చింతగా ఉండొద్దు, అంకె చూడండి. భాష మాటకొస్తే, యాప్ మొదలైనప్పుడు ఇంగ్లీషు, హిందీల్లోనే వచ్చింది. గోదావరి వరద గురించి తెలుగులో చెప్పకపోతే ఇంకెవరికి చెప్పినట్టు?

ఇక అసలు విషయం. ఏట్లో నీళ్లెన్నో ఈ యాప్ చెబుతుంది. ఆ నీళ్లను ఆపాల్సిన గట్టు ఏ స్థితిలో ఉందో ఏ యాప్‌లోనూ లేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, గట్లు తెగాయి. 2006లో వచ్చింది 28 లక్షల చిల్లర. అయినా శానపల్లిలంక, మొండెపులంక దగ్గర గండ్లు పడ్డాయి. అంటే 1986 కన్నా దాదాపు ఆరున్నర లక్షల క్యూసెక్కులు తక్కువ వరదకే గట్టు పోయింది. 2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటి, ఇక్కడికి పాతిక లక్షల పైన వచ్చినప్పుడు జనం రాత్రంతా ఇసుక బస్తాలు మోశారు. అంకె చూసి ధైర్యంగా ఉండమంటే గట్టు కింద వాళ్లకు నిద్ర ఎలా పడుతుంది?

ఇవి కాటన్ దొర ఆనకట్ట కాలం నుంచి విడతలు విడతలుగా వేసుకుంటూ వచ్చిన మట్టి గట్లు. 2006 తర్వాత ఎత్తూ వెడల్పూ పెంచే పనులు చేపట్టారు. మంచిదే. కానీ పైన మట్టి పోసినంత మాత్రాన అడుగున ఉన్న పాత ఇసుక పొర మారదు. పందికొక్కుల బొరియలు, ఎండిపోయిన చెట్ల వేళ్లు కుళ్లి మిగిల్చిన సొరంగాలు, ఇసుక ట్రాక్టర్లు దిగడానికి కోసిన ర్యాంపులు, తుప్పు పట్టిన తూము తలుపులు, ఇవన్నీ నీళ్లకు దారులే.

వరద గట్టుకు ఆనుకున్నప్పుడు మా నాన్న ఏటి వైపు చూసేవాడు కాదు, తోట వైపు చూసేవాడు. గట్టు కాలికింద, కొబ్బరి మొక్కల మధ్య, నేల మీద చిన్న ఊట పుడుతుంది. బుడబుడమని నీళ్లు పైకొస్తూ, చుట్టూ చీమల పుట్టలా సన్నని ఇసుక పోగవుతుంది. నీళ్లు తేటగా వస్తుంటే కనిపెట్టి ఉండాలి. బురదగా వస్తుంటే గట్టు లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఇక ఆగకూడదు. ఊట నోట్లో బస్తా కుక్కితే నీళ్లు ఇంకోచోట పొడుస్తాయి. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల నీళ్లు నిలబడేలా చేయాలి. ఆ నీటి బరువు ఊటను అణుస్తుంది, మట్టి రావడం ఆగి తేటనీరు మాత్రం వస్తుంది. ఇది తెలిసిన పెద్దవాళ్లు ఊరికి నలుగురైదుగురు మిగిలారు. కుర్రాళ్లు నేర్చుకోవాలి, నేర్పించాలి కూడా.

దిగువన రాజోలు, సఖినేటిపల్లి వైపు వాళ్లు ఇంకొకటి కలుపుకోవాలి. అమావాస్య, పున్నమి రోజుల్లో సముద్రం పోటు మీద ఉంటే వరద తొందరగా లాగదు. ధవళేశ్వరంలో తగ్గుతోందని యాప్ చూపించినా గట్టుకు నీళ్లు ఆనుకునే ఉంటాయి. మట్టి గట్టు ఎన్ని గంటలు నానితే అంత బలహీనం. అందుకని చుక్క ఆకుపచ్చకు మారిందని వెంటనే కాపలా ఎత్తేయకండి. నీళ్లు తీసేటప్పుడు నానిన గట్టు ఏటి వైపు జారిపోయే ప్రమాదం కూడా ఉంటుంది.

నా మార్కులు ఐదుకు మూడున్నర. వరద ముందు చూపుకు ఇంతకన్నా నమ్మకమైనది నాకు దొరకలేదు. పైన చెప్పిన లెక్క కాగితం ఫోన్ కవరులో పెట్టుకుంటే చాలా వరకు సరిపోతుంది. గల్ఫ్‌లో, హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు కూడా వేసుకుంటే ఫార్వర్డులు చూసి హడలిపోవడం తప్పుతుంది. తెలుగు, అడుగులు, రెండో హెచ్చరిక, ఈ మూడూ చేరిస్తే ఇంకో మార్కు సంతోషంగా వేస్తాను. మిగిలిన అర మార్కు యాప్ వాళ్ల చేతిలో లేదు. ఏ కిలోమీటరు దగ్గర గట్టు ఎంత ఎత్తుంది, ఏ తూము బాగు చేశారు, కిందటి వరదకు ఎక్కడ ఊటలు పడ్డాయి అన్నది జూన్‌లోపు ఊరూరా పంచాయతీ గోడ మీద రాయించాలి. దానికి యాప్ కూడా అక్కర్లేదు, ఒక పెయింటు డబ్బా చాలు.