హోల్ ఇన్ వన్ బీమా: ప్రీమియం చవకే, టీ దూరం దగ్గరే తంటా

పార్ 3 హోల్ (మూడు దెబ్బల్లో ముగించాల్సిన చిన్న హోల్) పక్కన కొత్త కారు నిలబెట్టి, ఒక్క దెబ్బకి బంతి గుంటలో పడితే కారు మీదే అని బోర్డు పెట్టడం అమెరికాలో ఛారిటీ గోల్ఫ్ టోర్నమెంట్లలో మామూలే. నిధుల కోసం తెలుగు వాళ్లు పెట్టుకునే టోర్నమెంట్లకీ ఈ సరదా పనికొస్తుంది. కారు డీలర్‌ది. బంతి నిజంగా పడితే డబ్బు కట్టాల్సింది మాత్రం బీమా కంపెనీ. కాబట్టి ఈ హోల్ ఇన్ వన్ (ఒక్క దెబ్బకే బంతి గుంటలో పడటం) పాలసీ కొనే నిర్వాహకులు ధర కంటే ముందు షరతుల కాగితం చదవాలి.

ముందు ధర సంగతి. మామూలు ఆటగాడు ఒక పార్ 3 మీద హోల్ ఇన్ వన్ కొట్టే అవకాశం 12,500లో ఒకటని ఈ రంగంలో వాడే లెక్క. 144 మంది తలా ఒక షాట్ కొడితే అది 1.15 శాతం. కారు విలువ 30,000 డాలర్లయితే కంపెనీ మీద పడే సగటు భారం సుమారు 346 డాలర్లు. దాని మీద కంపెనీ ఖర్చులు, లాభం వేసుకుని ఐదారు వందలు అడిగితే అన్యాయం కాదు. వెయ్యి దాటితే ఇంకో రెండు చోట్ల కొటేషన్ తీసుకోండి. మరీ మూడు వందల లోపు చెబితే సంతోషపడకండి, టీ (బంతిని మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి గుంటకి కనీస దూరం ఎంత పెట్టారో చూడండి. ఆటగాళ్ల సంఖ్య, బహుమతి విలువ, హోల్ పొడవు, ఆడేవాళ్లలో ప్రొఫెషనల్స్ ఉన్నారా లేదా అన్న నాలుగిటి మీదే ధర నిలుస్తుంది. ప్రొఫెషనల్స్‌కి అవకాశం దాదాపు 2,500లో ఒకటిగా లెక్కేస్తారు కాబట్టి, ముందు చెప్పకుండా క్లబ్ ప్రోని (క్లబ్‌లో ఉండే ప్రొఫెషనల్ ఆటగాడిని) ఆడించి, ఆయనే కొట్టేస్తే క్లెయిమ్ పోయినట్టే.

చాలా ప్యాకేజీల్లో మిగతా మూడు పార్ 3ల మీద చిన్న బహుమతులు (ఐరన్ గోల్ఫ్ కర్రల సెట్, విమాన టికెట్లు లాంటివి), టీ దగ్గర పెట్టే బోర్డులు కలిపే ఇస్తారు. ఇవి బాగానే ఉంటాయి. పది లక్షల డాలర్ల షాట్ అంటూ అమ్మేది మాత్రం హంగామా ఎక్కువ, సరుకు తక్కువ. గెలిచినా ఆ సొమ్ము చాలావరకు ఏడాదికి 25,000 చొప్పున 40 ఏళ్ల పాటు వస్తుంది. స్పాన్సర్ ఎవరైనా ప్రచారం కోసం పెట్టుకుంటే సరే, సంఘం డబ్బుతో మాత్రం వద్దు.

ఇక దూరం. ఎక్కువ పాలసీలు మగవాళ్లకి 150 గజాల దగ్గర్లో కనీస దూరం అడుగుతాయి, ఆడవాళ్లకి కాస్త తగ్గిస్తాయి. కొన్ని 165, 170 కూడా అడుగుతాయి. స్కోర్‌కార్డు మీద 162 అని అచ్చయి ఉంటుంది, నిర్వాహకులు అదే ఫారంలో రాసేస్తారు. టోర్నమెంట్ ఉదయం గ్రౌండ్ సిబ్బంది ఆట తొందరగా సాగాలనో, గడ్డికి విశ్రాంతినివ్వాలనో టీ గుర్తులు పదిహేను గజాలు ముందుకి జరుపుతారు. పిన్ (గుంటలో నిలబెట్టే జెండా కర్ర) కూడా గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ముందు భాగంలో పడితే మీ 162 కాస్తా 140 అవుతుంది. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకి పాలసీ సంగతి ఎవరూ చెప్పలేదంతే.

పెద్ద టోర్నమెంట్లకీ ఇది తప్పలేదు. 2015లో వెస్ట్ వర్జీనియాలో జరిగిన గ్రీన్‌బ్రియర్ క్లాసిక్‌లో 18వ హోల్ మీద ఒకే రోజు రెండు హోల్ ఇన్ వన్‌లు పడ్డాయి. స్టాండ్‌లో ఉన్న ప్రేక్షకులకి మొదటి దానికి తలా 100, రెండో దానికి తలా 500 డాలర్లు పంచారు. తీరా క్లెయిమ్‌కి వెళితే ఆ రోజు హోల్ 137 గజాలే ఉంది, పాలసీ అడిగిన కనీస దూరం కంటే తక్కువ. బీమా వాళ్లు కట్టబోమన్నారు, వ్యవహారం కోర్టుకెక్కింది.

అందుకని మొదటి జట్టు టీ ఎక్కకముందే లేజర్ రేంజ్‌ఫైండర్‌తో టీ గుర్తు నుంచి పిన్ వరకు కొలవాలి. తెర మీద అంకె కనబడేలా ఫొటో తీసి, క్లబ్ ప్రో చేత ఒక చీటీ మీద సంతకం పెట్టించాలి. బహుమతి హోల్ మీద టీ గుర్తులు కదపొద్దని గ్రౌండ్ సూపరింటెండెంట్‌కి ముందు రోజే చెప్పాలి. కనీస దూరం మీద ఐదారు గజాలు ఎక్కువే ఉంచుకోండి.

తలల లెక్కలోనూ పొరపాట్లు జరుగుతాయి. 100 మందికి ప్రీమియం కట్టి, చివరి రోజు వచ్చిన వాళ్లని కాదనలేక 112 మందిని ఆడిస్తే, కంపెనీ క్లెయిమ్ కొట్టేయొచ్చు, లేదా తగ్గించొచ్చు. మన వాళ్ల కార్యక్రమాల్లో ముందు రోజు రాత్రి పేర్లు చేరడం కొత్త కాదు కాబట్టి మొదటే పది మందిని ఎక్కువ రాయించండి, ఆ ఖర్చు కొద్దిపాటిదే. నిధుల కోసం మల్లిగన్లు (తప్పిన దెబ్బని మళ్లీ కొట్టే అవకాశాలు) అమ్మే అలవాటుంటే బహుమతి హోల్ మీద అవి చెల్లవని టికెట్ మీదే అచ్చు వేయాలి. ఆటగాడికి ఆ హోల్ మీద ఒక్కటే షాట్, ఆ రోజు అక్కడ ప్రాక్టీసు కూడా కొట్టకూడదు. వాన పడి తేదీ మారితే కొత్త తేదీని ఆట మొదలయ్యేలోపే కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి.

సాక్షి విషయాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 18 ఏళ్లు నిండి, ఆటలో లేని, ఆటగాడికి బంధువు కాని వ్యక్తి బంతి గుంటలో పడటం చూడాలి. ఖరీదైన బహుమతికి ఇద్దరు సాక్షులు, ఒక్కోసారి వీడియో కూడా అడుగుతారు. వలంటీర్‌ని టీ దగ్గర గొడుగు కింద కూర్చోబెడితే గ్రీన్ మీద ఏం జరిగిందో కనబడదు, గ్రీన్ పక్కనే కూర్చోబెట్టండి. భోజనానికి లేచేటప్పుడు ఇంకొకరు వచ్చి కూర్చోవాలి. బంతి పడ్డాక ఆ జట్టు అందరి సంతకాలతో స్కోర్‌కార్డు, సాక్షి వాంగ్మూలం, ప్రో రాతపూర్వక ధ్రువీకరణ సేకరించి, పాలసీలో ఉన్న గడువులోపు, చాలా చోట్ల 24 గంటల్లోనే, ఫోన్ చేయాలి.

పాలసీ కారు విలువకే. పన్నులు, రిజిస్ట్రేషన్ గెలిచిన వాళ్లవే. కారు విలువ ఆదాయం కింద లెక్కకొస్తుందని కూడా ముందే చెప్పాలి, లేకపోతే ఫొటోలయ్యాక మొహాలు మాడతాయి. అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడని ఆటగాడు) హోదా పోతుందన్న భయం అక్కర్లేదు, ఆటలో కొట్టిన హోల్ ఇన్ వన్ బహుమతికి 2012 నుంచి విలువ పరిమితి లేదు. పాలసీ అమ్మే కంపెనీ వెనక ఏ బీమా సంస్థ ఉందో, మీ రాష్ట్రంలో దానికి లైసెన్స్ ఉందో ఇన్సూరెన్స్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోండి. లైసెన్స్ లేకుండా అమ్మి, గెలిచాక ఎగ్గొట్టిన వాళ్లూ ఈ వ్యాపారంలో ఉన్నారు.

ఇండియాలో దొరికే గోల్ఫర్స్ ఇండెమ్నిటీ పాలసీ వేరు. అందులో హోల్ ఇన్ వన్ అంటే కొట్టినవాడు క్లబ్‌లో అందరికీ ఇచ్చే పార్టీ ఖర్చు. జపాన్‌లోనూ ఇలాంటిదే జోరుగా అమ్ముతారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో టోర్నమెంట్‌కి కారు పెట్టాలంటే బ్రోకర్‌ని బహుమతి మీద బీమా కావాలని విడిగా అడగాలి.

ఆట ముగిశాక బోర్డు పీకే పని ఎవరిదో పేరు రాసి ఉంచండి. పెన్సిల్వేనియాలో 1987లో ఒక డీలర్ ఛారిటీ టోర్నమెంట్‌కి షెవర్లే బెరెట్టా పెట్టాడు. టోర్నమెంట్ అయిపోయినా తొమ్మిదో టీ దగ్గర బోర్డు అలాగే ఉండిపోయింది. రెండు రోజులకి వేరే పోటీలో ఆడుతున్న మనిషి అదే హోల్ మీద ఒక్క దెబ్బకి కొట్టాడు. బోర్డు మీద ఉన్న మాటే ఒప్పందం అంది కోర్టు, కారు ఇవ్వాల్సిందేనంది.