బాలామృతం: మెట్లెక్కి వచ్చే పిండి, తగ్గాల్సిన తీపి

అంగన్‌వాడీలో 7 నెలల నుంచి 3 ఏళ్ల లోపు పిల్లలకి నెలకి 2.5 కిలోల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. రోజుకి 100 గ్రాముల చొప్పున 25 రోజులకి సరిపోతుంది. విశాఖలో దీని విలువ కొండవాలు పేటల్లో తెలుస్తుంది. కూరగాయల తోపుడుబండి మెట్లెక్కదు. పైనున్న చిన్న కొట్లో బిస్కెట్లు, చిప్స్, తీపి బన్నులే ఎదురుగా వేలాడుతుంటాయి. రైతుబజారుకెళ్లాలంటే బిడ్డని చంకనేసుకుని దిగాలి, సంచి మోసుకుంటూ ఎక్కాలి. అందుకే ఈ ప్యాకెట్ బాగుండాలని గట్టిగా అడుగుతున్నాం.

100 గ్రాముల్లో వేయించిన గోధుమ 55, శనగపప్పు 5, పాలపొడి 10, నూనె 10, చక్కెర 20 గ్రాములు. విటమిన్లు, ఖనిజాలు అదనం. పాలపొడి, నూనె ఉండటం చాలా మంచిది, కొద్ది పిండితోనే చిన్న పొట్టకి బలం చేరుతుంది. అభ్యంతరమల్లా చక్కెరతోనే. మొత్తం శక్తిలో దాదాపు ఐదో వంతు దాన్నుంచే వస్తోంది. రెండేళ్ల లోపు పిల్లలకి చక్కెర ఎక్కువున్న తిండి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది. తీపి మరిగిన బిడ్డ పప్పన్నం పెడితే ఉమ్మేస్తుంది.

కలపడంలోనే చాలామంది దెబ్బతింటారు. మరిగే నీళ్లలో పిండి పోస్తే ఉండలు కడుతుంది, ఉండ విప్పితే లోపల పొడిపిండే. మూడు పెద్ద చెంచాల పిండిని ముందు కాచి చల్లార్చిన నీళ్లలో జారుగా కలిపి, సన్న సెగ మీద తిప్పుతూ దగ్గరపడనివ్వండి. చెంచా వంచితే వెంటనే జారిపోకూడదు. పాలసీసాలో పట్టేంత పల్చగా చేస్తే పొట్ట నిండుతుంది గానీ బలం చేరదు.

తీపి తగ్గించడానికి మొలకచోడి (మొలకెత్తిన రాగి) పిండి మంచి ఉపాయం. చోళ్లు రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, సన్న మొలక రాగానే ఆరబెట్టి, దోరగా వేయించి మరపట్టించి జల్లించండి. రెండు పాళ్లు బాలామృతానికి ఒక పాలు చోడిపిండి కలిపితే తీపి మూడో వంతు తగ్గుతుంది. ఐదారు నిమిషాలు ఉడకాలి. బెల్లం వద్దు. ఏడాది నిండని బిడ్డకి తేనె అసలే వద్దు, బొటులిజం అనే విషవ్యాధి ప్రమాదం.

సముద్రపు తేమకి ప్యాకెట్ నోరు తెరిచి ఉంచితే పిండి ముక్క వాసన కొడుతుంది. బిగుతు మూతున్న స్టీలు డబ్బాలో పోసి, పొడి చెంచాయే వాడండి. తుట్టె కడితే జల్లించి వాడకుండా పారేయండి. ఇంట్లో అందరికీ లడ్డూలు చుడితే నెల సగానికే అయిపోతుంది, నష్టపోయేది చంటిదే.

తయారీలోనే చక్కెర సగానికి తగ్గించి, గోధుమలో కొంత బదులు పాడేరు, అరకు చోళ్లు వేయాలి. ప్యాకెట్లు ఏ తేదీకి వస్తాయో అంగన్‌వాడీ కేంద్రం బోర్డు మీద రాయాలి. తల్లులకీ చోటున్న అంగన్‌వాడీ కమిటీలో నోటిమాటగా కాకుండా కాగితం మీద అడగండి. ప్యాకెట్ వెనుక పదార్థాల పట్టిక, బ్యాచ్ నంబరు ఫొటో జతచేసి, అర్జీ నకలు మీద ముద్ర వేయించుకోండి.