పాత బండికి ఆయిళ్లన్నీ మార్చాలంటే ఏది మేలు: ఇంటి ముందా, మెకానిక్ దగ్గరా, కంపెనీ షెడ్డులోనా?

ఒడిశాలోని జయపురం, కోరాపుట్, సునాబెడల్లో మన తెలుగువాళ్ల ఇళ్ల ముందు పాత బొలెరోలు, సుమోలు, ఓమ్నీలు ఇంకా చాలానే తిరుగుతున్నాయి. నంబరు ప్లేటు మీద కోరాపుట్ జిల్లా పాత కోడు ఓఆర్ 10 అని ఉంటే, అది 2012లో ఓడి నంబర్లు రాకముందరి బండే. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి, మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకుని నడుపుతుంటారు. ఇలాంటిది సెకండ్‌హ్యాండ్‌లో కొంటే, లోపల ఏ ఆయిల్ ఉందో, ఎన్నాళ్లయిందో చెప్పే నాథుడుండడు. అన్నీ మార్చేయడం మంచిదన్న దాంట్లో ఎవరికీ పేచీ లేదు. ఎవరి చేత మార్పించాలన్న దగ్గరే తలో మాట చెబుతారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంజిన్ ఆయిల్, కూలెంటు, వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఇరుసు మీద ఉండే గేర్ల డబ్బా) ఆయిల్ మీరే మార్చుకోవడం మేలు. బ్రేక్ ఆయిల్ మాత్రం చెయ్యి తిరిగిన మెకానిక్ చేత, మీరు పక్కన నిలబడి చేయించుకోండి. గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం అటూ ఇటూ కాదు, బోల్టులు తిరిగితే మీరే, లేకపోతే మెకానిక్. కంపెనీ షెడ్డు, అంటే కంపెనీ సర్వీస్ సెంటర్, బండి కొత్తగా ఉన్నన్నాళ్లూ మంచిదే, పుస్తకంలో రాసిన రకమే పోస్తారు, బిల్లు కూడా చేతిలో ఉంటుంది. పాత బండికి అంత దూరం ఒక రోజు పాడు చేసుకుని పోవడంలో నాకు లాభం కనబడలేదు. హౌసింగ్ ఆయిల్ లాంటివి ఎలాగూ మనమే అడిగి మరీ చేయించుకోవాలి.

సొంతంగా చేయడంలో అసలు లాభం కూలి మిగలడం కాదు. ఈ పనిలో కూలికన్నా సరుకు ఖరీదే ఎక్కువ. లోపలినుంచి ఏం బయటికొచ్చిందో మన కళ్లతో చూస్తాం, అదీ లాభం. డీజిల్ ఇంజిన్ ఆయిల్ నల్లగా రావడం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు. పాలు కలిపిన కాఫీలా వస్తే కూలెంటు లోపలికి దిగుతోందని అర్థం, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందేమో అనుమానించాలి. తొట్టెలో ఆయిల్‌ని ఎండలో పెట్టి చూస్తే ఇత్తడి, రాగి రంగు మెరుపులు కనబడ్డాయా, బేరింగులు అరుగుతున్నాయి. షాపులో ఆ ఆయిల్ నేరుగా డ్రమ్ములోకి పోతుంది. దాన్ని ఎవరూ చూడరు, మనకి చెప్పరు.

ఇంజిన్ ఆయిల్ పని తేలిక. బండి ఒక చుట్టు తిప్పి, ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు అడుగున ఉండే చాంబర్ బోల్టు విప్పితే మడ్డి కూడా కలిసి దిగుతుంది. బోల్టుకి కొత్త వాచరు వెయ్యండి. పాత ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉందేమో వేలితో తడిమి చూడాలి. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే ఘాటీ (కొండ దారి) ఎక్కేటప్పుడు ప్రెషర్‌కి ఆయిలంతా బయటికి కొట్టేస్తుంది. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, చేత్తోనే బిగించండి, పానా అక్కర్లేదు. పాత డీజిల్ బళ్లకి ఎక్కువగా 15డబ్ల్యూ40 చిక్కదనం ఉన్న ఆయిల్ నడుస్తుంది, అయినా మీ బండి పుస్తకం చెప్పిందే ఆఖరి మాట. ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది కాబట్టి పోయడానికి సీటు లేపాలి, అంతే తేడా.

కూలెంటు దగ్గర మన ఎత్తు గురించి ఆలోచించాలి. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. రేడియేటర్ మూతలో ప్రెషర్ ఉండబట్టే ఆ మరుగు పైకి జరుగుతుంది. మూత రబ్బరు అరిగిపోయి, లోపల బోరు నీళ్లే ఉన్న బండి, సాలూరు నుంచి మనుషులూ సామానుతో రెండో గేర్లో సుంకి ఘాటీ ఎక్కుతుంటే ఏమవుతుందో ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లకి చెప్పనక్కర్లేదు. బోరు నీళ్లలో ఉండే సున్నం రేడియేటర్ గొట్టాల్లో గారలా పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంటు సగం సగం కలిపి పొయ్యండి, ముందే కలిపి అమ్మేదైతే ఇంక నీళ్లు చేర్చకండి. పచ్చదీ నారింజ రంగుదీ కలపొద్దు. రంగు చూసి రకం చెప్పడం అన్నివేళలా కుదరదు కాబట్టి పాతదంతా కడిగేసి ఒకే రకం పోయడం మంచిది. పోశాక మూత తీసే ఉంచి, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంటుని వదిలే కవాటం) తెరుచుకుని పై గొట్టం వేడెక్కేదాకా ఇంజిన్ నడపాలి, గాలి బుడగలు పోతాయి, మట్టం తగ్గితే నింపాలి. పాతది తీసేటప్పుడైతే ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మూత ముట్టుకోవాలి.

ఇక్కడ ఒక్కటి గట్టిగా చెప్పాలి. కూలెంటులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధిలో ఆవులు, కుక్కలు తిరిగే చోట తొట్టెలో వదిలేసి భోజనానికి వెళ్లిపోకండి. వెంటనే డబ్బాలోకి ఎత్తి మూత పెట్టండి, నేల మీద పడింది నీళ్లతో కడిగేయండి.

హౌసింగ్ ఆయిల్, గేర్ ఆయిల్ రెండిటికీ ఒకే సూత్రం: పోసే బోల్టు తిరుగుతుందో లేదో ముందు చూసుకుని, ఆ తర్వాతే కింది బోల్టు విప్పాలి. పాతదంతా దిగిపోయాక పై బోల్టు తుప్పు పట్టి కదలకపోతే బండి ఇంటి ముందే పడుంటుంది. మెకానిక్ దగ్గర గుంత ఉంటుంది, బిగుసుకున్న బోల్టుని వేడి చేసి విప్పే సరంజామా ఉంటుంది. కదలని బోల్టు కనబడితే మొండికెయ్యకుండా ఆయన దగ్గరికే తీసుకెళ్లండి. బోల్టు తలలు అరగ్గొట్టాక తీసుకెళ్తే ఆయనకీ కష్టమే.

అయితే షాపులో చూసుకోవలసిందీ ఇక్కడే ఉంది. చాలా చోట్ల ‘తొంభై నంబరు’ అని ఒకటే డబ్బా ఉంటుంది, గేర్‌బాక్స్‌కీ హౌసింగ్‌కీ అదే పోస్తారు. రెండిటి అవసరం వేరు. హౌసింగ్‌లో హైపాయిడ్ రకం గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి, ఆ ఒత్తిడికి జీఎల్-5 అనే గేర్ ఆయిల్ రకం కావాలి. గేర్‌బాక్స్‌లో గేర్లు మెత్తగా పడేలా చేసే సింక్రో రింగులు ఇత్తడివి. జీఎల్-5లో ఎక్కువ మోతాదులో ఉండే గంధకం మందులు కొన్ని రకాల్లో ఆ ఇత్తడిని తినేస్తాయి, గేర్లు పడేటప్పుడు కరకరమంటాయి. అందుకే చాలా పాత గేర్‌బాక్స్‌లకి జీఎల్-4 చెబుతారు. షాపులో చేయించినా సరే, పుస్తకం చూసి రెండు డబ్బాలూ సీలుతో మీరే కొనుక్కుని వెళ్లండి. సాలూరు లారీల ఊరు, అన్ని రకాలూ అక్కడ దొరుకుతాయి.

ఇక బ్రేక్ ఆయిల్. మన కొండ రోడ్ల మీద నడిచే బండికి నేను మొదటి స్థానం ఇచ్చేది దీనికే, ఎక్కువమంది మరిచిపోయేదీ ఇదే. ఇంజిన్ ఆయిల్ పాతబడితే ఇంజిన్ అరుగుతుంది. బ్రేక్ ఆయిల్ పాతబడితే మలుపు దగ్గర పెడల్ కిందకి దిగిపోతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వానాకాలం నెలల తరబడి ముసురు పట్టే మన వైపు ఆ సంగతి మరీ గుర్తుంచుకోవాలి. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేక్ ఆయిల్ రకాలు. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీళ్లు చేరేసరికి ఆ హామీ 140కి పడిపోతుంది. డాట్ 4కి అవే అంకెలు 230, 155. ఘాటీ దిగుతూ బ్రేకు మీద కాలు తీయకపోతే చక్రాల దగ్గర వేడికి ఆయిల్ మరిగి ఆవిరి బుడగలవుతుంది. ఆవిరి నొక్కుకుపోతుంది, ఒత్తిడి చక్రానికి చేరదు. అందుకే రెండేళ్లకోసారి మార్చమంటారు.

ఇంత ముఖ్యమైంది మనమే ఎందుకు చేసుకోకూడదు? కొందరు చేసుకుంటున్నారు, బాగానే చేస్తున్నారు. నేను వద్దనేది పాత బళ్ల విషయంలో. గాలి తీసే నిప్పుల్ తుప్పు పట్టి ఉంటుంది, తెలియని చెయ్యి పడితే విరుగుతుంది. ఇంకొకటి, పక్కవాళ్లని పెడల్ అడుగు దాకా తొక్కమంటే మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే పంపులో) సీళ్లు ఏళ్ల తరబడి ఎన్నడూ వెళ్లని గరుకు భాగంలోకి వెళ్లి చిరుగుతాయి. కొత్త ఆయిల్ పోసిన వారానికే బ్రేకు మెత్తబడుతుంది. తెలిసిన మెకానిక్ పెడల్ కింద చెక్క పెడతాడు, లేదా సగం దాకానే తొక్కిస్తాడు. ఆయన్ని ఎంచుకోవడానికి ఇదొక మంచి పరీక్ష. మీరు చూడాల్సినవి మూడు: సీలు మీ ముందే విప్పాలి, బయటికొచ్చిన ఆయిల్ మళ్లీ డబ్బాలో పోయకూడదు, నాలుగు చక్రాల దగ్గరా కొత్త ఆయిల్ రంగు తేలేదాకా ఆపకూడదు. డాట్ 5 అని ఉన్నది సిలికాన్ రకం, డాట్ 3, 4లతో కలవదు, పేరు దగ్గరగా ఉంది కదా అని తీసుకోకండి. క్లచ్ కూడా ఆయిల్ మీద నడిచే బండైతే ఆ పనీ అప్పుడే చేయించెయ్యండి. పవర్ స్టీరింగ్ డబ్బాలోది సిరంజితో తీసి కొత్తది పోస్తూ నాలుగైదు విడతల్లో మీరే మార్చుకోవచ్చు.

ఇంటి ముందు చేసేవాళ్లకి జాగ్రత్త ఒకటి. కొండ ఊళ్లలో వాకిళ్లు ఏటవాలు, వానకి ఎర్రమట్టి మెత్తబడుతుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరొద్దు, ఇటుకలు పేర్చొద్దు. సిమెంటు నేల మీద, స్టాండ్లు పెట్టి, చక్రాలకి రాళ్లు అడ్డం వేశాకే దూరాలి. అలాంటి చోటు లేకపోతే నేను పైన చెప్పిందంతా పక్కన పెట్టి మెకానిక్ గుంతకే వెళ్లండి. తీసిన ఆయిల్ కూడా ఆయన డ్రమ్ముకే చేర్చండి. 2016 నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం, శుద్ధి చేసేవాళ్లకే వెళ్లాలి. కాలవలో పోస్తే ఒక్క వానకి వాగులో ఉంటుంది. కూలెంటు మాత్రం ఆ డ్రమ్ములో కలపకండి.

అన్నీ ఒకే రోజా, విడివిడిగానా అంటే, విడివిడిగానే. ఒకే రోజు అన్నీ విప్పితే మర్నాడు కింద కనబడిన మరక ఎక్కడిదో తేల్చుకోవడం కష్టం. వారానికొకటి పెట్టుకుంటే లీకు ఎక్కడుందో తెలిసిపోతుంది. మొదట బ్రేకు, వాన లేని రోజు చూసుకుని. తర్వాత ఇంజిన్, ఎండలు ముదిరేలోగా కూలెంటు. హౌసింగ్ మాత్రం వానాకాలం వెళ్లాక పెట్టుకోండి, వాగులు దాటే బండైతే మరీను. వేడెక్కిన హౌసింగ్ చల్లని నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది, పైన ఉండే చిన్న బ్రీదర్ (గాలి వెళ్లే రంధ్రం) మట్టితో మూసుకుపోయి ఉంటే సీళ్ల గుండా నీళ్లు లాక్కుంటుంది. ఆయిల్ పాలరంగులో దిగిందంటే ముందు ఆ బ్రీదర్ విప్పి శుభ్రం చెయ్యండి, లేకపోతే ఎంత మంచి జీఎల్-5 పోసినా వచ్చే ఏడు మళ్లీ అదే రంగులో దిగుతుంది.