లక్షన్నర కిలోమీటర్లకు దగ్గరైన సిటీనా, అరవై వేలే చూపించే వెంటోనా?

మా బావమరిది ఉండేది ఆంధ్ర సరిహద్దు పక్కన ఒడిశాలోని పర్లాకిమిడిలో. చేతిలో ఉన్నది మూడున్నర లక్షలు, మనసు మాత్రం సెడాన్ మీద. "పెళ్ళికెళ్ళి దిగితే నలుగురూ తల తిప్పి చూడాలి బావా" అంటాడు. వెతికి వెతికి రెండు బండ్ల దగ్గర ఆగాడు. ఒకటి ఒడిశాలోనే బరంపురంలో 2014 హోండా సిటీ పెట్రోలు, సన్‌రూఫ్ ఉన్నది, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. రెండోది వైజాగ్‌లో 2013 ఫోక్స్‌వ్యాగన్ వెంటో 1.6 డీజిల్, మీటరులో 62,000. ధరలో పెద్ద తేడా లేదు. వాడి మనసు వెంటో వైపే లాగుతోంది, మీటరు చూసి.

నాకు మొదటి అనుమానమే ఆ మీటరు. పదేళ్ళు దాటిన డీజిల్ బండి అంత తక్కువ తిరిగిందంటే ఏడాదికి ఐదారు వేల కిలోమీటర్లు. అంత మాత్రం తిరగడానికి ఎక్కువ డబ్బు పోసి డీజిల్ ఎవరు కొంటారు? సర్వీసు బిల్లులు అడిగితే 2018తో ఆగిపోయాయి. ఆ చివరి బిల్లులోనే 58,400 కిలోమీటర్లు అని ఉంది. అప్పటినుంచి బండి గుడికి తప్ప ఎక్కడికీ వెళ్ళలేదన్నమాట! క్లచ్ పెడల్ రబ్బరు మాత్రం అరిగి నున్నగా మెరుస్తోంది.

సిటీకి ఆ దాపరికం లేదు. ఎక్కువే తిరిగింది, ప్రతి సర్వీసుకీ కాగితం ఉంది. పైగా దాని ఇంజనులో పిస్టన్లనూ వాల్వులనూ లయ తప్పకుండా కలిపి నడిపేది టైమింగ్ చైను. వెంటో డీజిల్‌కు ఉన్నది బెల్టు, వేళకు మార్చకపోతే తెగుతుంది. తెగితే పిస్టన్లు వాల్వులకు కొట్టుకుని ఇంజనే విప్పాలి. అసలు ఎంత తిరిగిందో తెలియని బండికి బెల్టు వేళ ఎలా లెక్కపెట్టాలి?

ఇక నంబరు ప్లేటు సంగతి. సరిహద్దు ఊళ్ళలో ఆంధ్ర బండ్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి మావాడికి అది లెక్కలోకి రాలేదు. కానీ వేరే రాష్ట్రం బండి ఇక్కడ పన్నెండు నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. ఫారం 28తో అక్కడ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే కాగితం), ఇక్కడ మళ్ళీ టాక్సు, అక్కడ కట్టిన దాంట్లో మిగిలింది వెనక్కి రాబట్టుకోవడానికి తిరుగుడు. బరంపురం బండి నంబరు ఓడీ 07తో మొదలవుతుంది, మన పర్లాకిమిడిది ఓడీ 20. రాష్ట్రం ఒకటే కాబట్టి మళ్ళీ టాక్సు లేదు, ఫారం 29, 30తో పేరు మారుతుంది. పదిహేనేళ్ళు నిండాక ఆర్‌సీ రెన్యువల్‌కు 5,000 ఫీజు ఎలాగూ తప్పదు. అది వెంటోకు ఏడాది ముందే వస్తుంది.

వెంటోను ఒక్క విషయంలో ఒప్పుకోవాలి. వాడు నెలకు తిరిగేది ఏడు వందల కిలోమీటర్లు. సిటీ లీటరుకు 14 ఇస్తే 50 లీటర్లు, వెంటో 18 ఇస్తే 39. నెలకు పదిహేను వందల దాకా మిగులుతుంది. మన ఒడిశా వైపు ఇంధనం ఆంధ్రకంటే చవక కాబట్టి సిటీ భారం కాస్త తగ్గుతుంది. అయినా మిగులు మిగులే. కాకపోతే ఒక్కసారి ఇంజను విప్పితే ఏళ్ళ తరబడి మిగిలింది అందులోనే పోతుంది.

స్విఫ్ట్ డీజిల్ కూడా చూడమన్నాను. చైను ఇంజనే, చిన్న మెకానిక్‌కూ చేయి తిరిగిన బండి. "అది ఊళ్ళో సగంమందికి ఉంది బావా" అని కొట్టిపారేశాడు. సరే, స్టైలు వాడిది, డబ్బులూ వాడివే.

కాబట్టి నా ఓటు సిటీకే, అదీ మూడు లక్షల్లో బేరం తెగితేనే. మిగతా యాభై వేలు షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, క్లచ్‌కు పక్కన పెట్టుకోవాలి. నలుగురిని ఎక్కించి ఆర్.ఉదయగిరి ఘాటీ ఎక్కించి చూడమన్నాను. ఇంజను అరుస్తూ బండి ముందుకు లాగకపోతే క్లచ్ పోయినట్టే. సన్‌రూఫ్ మీద ఒక బకెట్ నీళ్ళు కూడా పోయమన్నాను, దాని నీళ్ళు బయటికి పోయే గొట్టాలు మూసుకుపోతే నీళ్ళు లోపలికే కారతాయి. బకెట్ మాట వినగానే మావాడు నవ్వాడు, అమ్మే ఆయన నవ్వలేదు.