అరోరా కోసం అలాస్కా: బెటల్స్ లాడ్జా, కోల్డ్‌ఫుట్టా, ఫెయిర్‌బ్యాంక్సా?

మార్చిలో బెటల్స్ వెళ్లొచ్చిన దగ్గర్నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఇదే అడుగుతున్నారు, అరోరా (ఉత్తరాన రాత్రిళ్లు ఆకాశంలో కదిలే రంగుల వెలుగు) అలాస్కాలోని పెద్ద ఊరు ఫెయిర్‌బ్యాంక్స్‌లోనే కనిపిస్తుంది కదా, అంత డబ్బు పోసి చిన్న విమానమెక్కి పాతిక మంది కూడా లేని ఊరికి ఎందుకెళ్లారు అని. అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా.

ఎంత ఉత్తరానికి వెళ్తే అంత బాగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఫెయిర్‌బ్యాంక్స్ 65 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, బెటల్స్ ఆర్కిటిక్ సర్కిల్ దాటి 35 మైళ్లు పైన, దాదాపు 67, రెండూ అరోరా వచ్చే పట్టీ కిందే ఉన్నాయి. నా వరకూ తేల్చేది వేరే ఉంది. రాత్రి రెండింటికి ఎవరో తలుపు కొట్టి "వచ్చింది, లేవండి" అంటే మంచం మీంచి చీకటి ఆకాశం కిందకి ఎన్ని నిమిషాల్లో చేరతారు?

ఎందుకంటే అది గట్టిగా వెలిగేది ఒక్కోసారి పది నిమిషాలే. రెండేళ్ల కిందట ఫెయిర్‌బ్యాంక్స్‌లో మూడు రాత్రులున్నాం, బాగా వెలిగిన రాత్రి మేం హోటల్ పార్కింగ్‌లో కారు అద్దం మీద మంచు గీకుతూ ఉన్నాం, ఊరి లైట్లు దాటి బయటపడేసరికి పల్చటి ఆకుపచ్చ చార మిగిలింది, మా అమ్మాయి ఏడ్చినంత పని చేసింది. బెటల్స్‌లో అదే పిల్ల స్వెట్టర్ మీద కోటేసుకుని గుమ్మం దాటింది, అంతే, నెత్తి మీద ఆకాశమంతా కదులుతోంది. చలికి తట్టుకోలేకపోతే లోపలికెళ్లి టీ తాగి మళ్లీ రావచ్చు. ఆ రాత్రి అలా నాలుగుసార్లు తిరిగాం.

మేం దిగిన బెటల్స్ లాడ్జ్ కూడా నాకు బాగా నచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా నేవీ వాళ్లు ఉత్తరాన చమురు వెతికే పనికి ఇక్కడ విమానాల స్ట్రిప్ వేస్తే, 1899లో గోర్డన్ బెటల్స్ దుకాణం పెట్టిన, నది వెంట కిందవైపున్న పాత ఊరు ఖాళీ అయిపోయి జనం దీని చుట్టూ చేరారు, ఆ రోజుల్లో కట్టిన రెండంతస్తుల బిల్డింగ్ ఇది. డెబ్బై ఏళ్లు దాటింది, అమెరికా చారిత్రక కట్టడాల నేషనల్ రిజిస్టర్‌లో ఉంది. ఎండాకాలం గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్ నేషనల్ పార్క్‌కి వెళ్లేవాళ్లలో చాలామంది ఈ ఊరి మీదుగానే ఎగురుతారు, ఆ పార్క్‌లోకి రోడ్డే లేదు మరి.

ఇబ్బందులూ ఉన్నాయి. వాతావరణం బాలేకపోతే విమానం ఆగిపోతుంది, మాకు తిరుగు ప్రయాణం ఒకరోజు లేటయ్యి డల్లాస్ టికెట్ మార్చుకోవాల్సొచ్చింది. సామాను బరువు తూచి ఎక్కిస్తారు. ఊళ్లో వేరే హోటల్ భోజనం అనేది లేదు కాబట్టి శాకాహారులు ముందే చెప్పాలి, మేం కందిపొడి, ఆవకాయ, రెడీ ఉప్మా పట్టుకెళ్లాం, చాలా ఆదుకున్నాయి. గది బుక్ చేసేటప్పుడు బాత్రూమ్ గదిలోనే ఉందా, ఉమ్మడా అని అడిగి తీసుకోండి.

కోల్డ్‌ఫుట్ సంగతికొస్తే, అది ఉత్తరాన చమురు బావుల వైపు వెళ్లే డాల్టన్ హైవే మీద 175వ మైలు దగ్గర ట్రక్కులు ఆగే చోటు. ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి దాదాపు 250 మైళ్లు, ఎక్కువ రెంటల్ కార్ కంపెనీలు ఆ రోడ్డు మీదకి ఒప్పుకోవు, అందుకని టూర్ వ్యాన్‌లో వెళ్లాలి. చీకటి బాగానే ఉంటుంది, ఖర్చు తక్కువ, గదులు సాదాసీదా. రోడ్డు ప్రయాణం ఇష్టమైన కుర్రాళ్లకి సరిపోతుంది. వైజ్‌మన్ అనే చిన్న ఊరు ఇంకో 13 మైళ్లు పైన, కొన్ని కేబిన్లు అంతే. ఫెయిర్‌బ్యాంక్స్ వైపున్న చెనా హాట్ స్ప్రింగ్స్ రిసార్ట్‌కి వేడినీళ్ల కోసం అయితే వెళ్లండి.

పెద్దవాళ్లుంటే, చంటిపిల్లలుంటే ఫెయిర్‌బ్యాంక్సే, ఆస్పత్రి దగ్గర్లో ఉండాలి. కాకపోతే ఊరి మధ్యలో హోటల్ వద్దు, లైట్లు లేని బయటి కేబిన్ తీసుకోండి. మిగతావాళ్లకి మాత్రం నేను బెటల్సే చెప్తా, కనీసం మూడు రాత్రులు. మేం వచ్చే మార్చిలో అమావాస్య వారం చూసి మళ్లీ అక్కడికే వెళ్దామనుకుంటున్నాం, ఈసారి తిరుగు టికెట్‌కి ముందు ఫెయిర్‌బ్యాంక్స్‌లో రెండు రోజులు ఖాళీ ఉంచుకుని.