ఎర్ఫుర్ట్ యూదుల నిధి చూసొచ్చాం: ఎక్కడ ఉండాలి, ఏది వదలకూడదు

జర్మనీ వెళ్ళేవాళ్ళు బెర్లిన్, మ్యూనిక్ చూసుకుని వచ్చేస్తారు గానీ మధ్యలో ఎర్ఫుర్ట్‌లో ఒక పూట ఆగండి, నా మాట వినండి. ఇల్మెనావ్‌లో చదువుకునే మనవాళ్ళకైతే లోకల్ ట్రైన్‌లో గంట ప్రయాణమే.

1349 మార్చిలో ఇక్కడ యూదుల్ని ఊచకోత కోశారు, ప్లేగు వచ్చిన కాలం అది, బావుల్లో విషం కలిపారని వాళ్ళ మీద నింద వేసేవాళ్ళు. ఆ టైమ్‌లో ఎవరో పాతిపెట్టిన నిధి 1998లో మిఖాయెలిస్ వీధిలో తవ్వుతుంటే బయటపడింది. మూడువేల పైచిలుకు వెండి నాణేలు, వెండి కడ్డీలు, నగలు, మొత్తం 28 కిలోల దాకా. ఇప్పుడవి పాత సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) సెల్లార్‌లో ఉన్నాయి. బంగారు పెళ్ళి ఉంగరం దగ్గర నేనైతే చాలాసేపు నిలబడిపోయా, పైన చిన్న గోపురం, దాని మీద హీబ్రూ అక్షరాల్లో మజల్ తోవ్, అంటే శుభం కలగాలి అని. రాగి కలిసిన వెండి మట్టిలో ఉంటే పచ్చగా చిలుము పడుతుంది, నల్లబడుతుంది, గట్టిగా రుద్దితే పైనున్న బంగారు పూత కూడా పోతుంది, అందుకే ఇలాంటి వాటిని శుభ్రం చేయడం అంటే ఎంతో ఓపిక కావాలి. ఆ చేతులకి దండం పెట్టాలనిపించింది.

బిల్డింగ్ సంగతి ఇంకా బాగా నచ్చింది. ఇందులో పాత గోడలు 11వ శతాబ్దం నాటివి, ఊచకోత తర్వాత గోడౌన్ చేశారు, తర్వాత హోటల్, డాన్స్ హాల్ కూడా అయింది. రిపేర్ చేసినప్పుడు ఆ డాన్స్ హాల్ గుర్తులు చెరిపేయలేదు, అలాగే ఉంచారు. అదే కరెక్ట్ అని నా అభిప్రాయం, కొత్తగా మెరిపించేసుంటే మనుషుల్ని తరిమేశాక ఆ గుడికి ఏం గతి పట్టిందో ఎవరికీ తెలిసేది కాదు.

ఉండటానికి స్టేషన్ పక్క రూమ్ తీసుకున్నాం, రాత్రంతా ట్రామ్ మోత, మళ్ళీ తీసుకోను. పాత ఊరి మధ్యలో ఉన్న ఫిష్‌మార్క్ట్ కూడలి వైపు సందుల్లో అయితే అన్నీ నడిచే దూరమే. రేట్లు ఎక్కువనిపిస్తే పక్కనే వైమార్‌లో ఉండండి, ట్రైన్‌లో పావుగంట.

సోమవారం మ్యూజియం మూస్తారు, చూసుకుని వెళ్ళండి. 2007లో బయటపడిన యూదుల ఆచార స్నానపు గుండం, మిక్వే అంటారు, క్రేమర్ వంతెన దగ్గరే, పైనున్న అద్దంలోంచి ఫ్రీగా కనిపిస్తుంది గానీ గైడ్‌తో కిందికి దిగితేనే ఆ రాతి పనితనం తెలుస్తుంది, డబ్బులు పెట్టినా పర్లేదు.